ప్యాసింజర్ల వరస

నా కూతురు నన్ను ప్యాసింజర్ల వరసలో రాసింది. ఇది జరిగిన విషయం. దీని మీద ఎవరి సర్దుబాటు మాటలూ నాకు అక్కర్లేదు.

కాగితం ఫ్రిజ్ తలుపు మీద ఉంది. నాలుగు మూలలా నాలుగు అయస్కాంతాలు. బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసే గుమస్తా కాబట్టి ఇంటికీ అలాగే వేసింది. స్కేలు పెట్టి గీసిన గీతలు. ఎడమ పక్క ‘డ్యూటీ’. అందులో అల్లుడు, వాళ్ళమ్మ, వంటావిడ. ఎవరు ఎన్నింటికి ఏం చెయ్యాలో గళ్ళు. కుడి పక్క ‘ప్యాసింజర్లు’. అందులో ముగ్గురం. ఒకటి పాప. రెండు బుడ్డోడు. మూడు నాన్న.

పాపకి ఏడేళ్ళు. బుడ్డోడికి రెండు నిండలేదు. నాకు అరవై ఎనిమిది.

నా పేరు పక్క గడిలో ఇలా ఉంది: ‘ఆరున్నరకు టీ. ఎనిమిదికి టిఫిను. బీపీ మాత్ర వేసుకున్నారో లేదో అడగాలి.’ బుడ్డోడి పక్కన ‘పాలు, డైపరు’ అని ఉంది. మా ఇద్దరికీ అదే తేడా.

లావు తగ్గడానికి పొట్టలో ముప్పావు వంతు కోసి తీయించుకుంది నా కూతురు. వద్దన్నాను. వినలేదు. పొట్ట మీద ఐదు చిన్న కన్నాలు. ఆరు వారాల దాకా ఐదు కిలోలు దాటినది ఏదీ ఎత్తకూడదని డాక్టరు రాసిచ్చాడు. ఆసుపత్రికి వెళ్ళకముందే ఆ చార్టు తగిలించి వెళ్ళింది. ఇంటికి వచ్చి తొమ్మిది రోజులైంది. తొమ్మిది రోజులూ నోరు మూసుకుని చూశాను.

పదో రోజు పొద్దున్న ఆరున్నరకు టీ వచ్చింది.

“అన్నయ్యగారూ, టీ.”

మా వియ్యపురాలు. పెన్సిలు కొప్పులో దోపుకుని తిరుగుతుంది. ఒక పని కాగానే వెళ్ళి చార్టులో టిక్కు పెట్టి వస్తుంది.

“అక్కడ పెట్టండి.”

“చల్లారిపోతుంది.”

“చల్లారితే మీకు టిక్కు పడదా?”

“ఎందుకు పడదు? ఇచ్చినందుకు టిక్కు నాది. తాగనందుకు పేచీ మీది.”

“నాకు టీ కాచుకోవడం రాదనుకుంటున్నారా చెల్లెమ్మా?”

“వచ్చా?” అంది ఆవిడ. వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

నేను కిటికీలోంచి వీధిలోకి చూశాను. పాల బండి వెళుతోంది.

“మొన్న స్టవ్ వెలిగించి గిన్నె పెట్టడం మర్చిపోయారు. పాపం, మంట మీద మంటే మరిగింది.” ఆవిడ గ్లాసు నా చేతికి దగ్గరగా జరిపింది. “తాగండి. ముసలాళ్ళం, మనకెందుకు పంతాలు?”

“ముసలిదాన్ని అనండి. బహువచనం వద్దు.”

“సరే, ముసలిదాన్ని. డ్యూటీలో ఉన్న ముసలిదాన్ని.” ఆవిడ వెళ్ళిపోయింది.

టీ తాగలేదు. గ్లాసు అక్కడే వదిలేసి కూతురి గదిలోకి వెళ్ళాను.

వీపు వెనక మూడు దిండ్లు పెట్టుకుని కూర్చుంది. చేతిలో మందు పోసుకునే చిన్న ప్లాస్టిక్ కప్పు. దాంట్లో నీళ్ళు. గుక్క కాదు, పెదవి తడుపుకోవడం. తర్వాత గడియారం చూసుకోవడం. మళ్ళీ పెదవి తడుపుకోవడం. రోజంతా అదే పని. బుడ్డోడు మంచం పక్కన నిలబడి చేతులు చాచి ఎత్తుకోమంటున్నాడు. అది వాడి తల నిమురుతోంది కానీ ఎత్తుకోవడం లేదు.

“నన్ను అలా ఎందుకు రాశావు?”

“ఎలా రాశాను?”

“నీకు తెలుసు.”

కప్పు పక్కన పెట్టింది. “ఏ డ్యూటీ వెయ్యమంటారు నాన్నా? మీరే చెప్పండి. వంట వచ్చా?”

“రాదు.”

“బుడ్డోడికి డైపరు మార్చడం?”

“నేను నా పిల్లలకే మార్చలేదు.”

“అవును. మార్చలేదు. పాపకి జడ వెయ్యడం?”

“ఆడపని.”

“వాషింగ్ మిషను?”

“అది చేసే చప్పుడు నాకు పడదు.”

“మరి ఏం వచ్చు?”

కోపం వచ్చింది. ముప్పై రెండేళ్ళు ధాన్యం గోదాములో కాటా మీద కూర్చున్న మనిషిని. లారీ గేటు దాటేటప్పుడు టైర్లు చూసి లోపల ఎంత ఉందో చెప్పేవాణ్ణి. మిల్లు ఓనర్లు నా చీటీకి ఎదురు చెప్పేవాళ్ళు కాదు.

“తూకం వచ్చు,” అన్నాను.

నవ్వింది. వెంటనే పొట్ట పట్టుకుంది. “నవ్వించకండి. కుట్లు లాగుతాయి.”

“నవ్వడానికి నేనేం అన్నాను?”

అది నా వంక చూసింది. చాలాసేపు చూసింది. వాళ్ళమ్మ అలా చూసేది, కొట్టులో కొత్త చీర నాణ్యం చూసినట్టు. తర్వాత మంచం అంచు పట్టుకుని, ఒక పక్కకి ఒరిగి, ముందు కాళ్ళు దించి లేచింది. ఆసుపత్రిలో నేర్పారట అలా లేవడం. ఫ్రిజ్ దగ్గరకు నడిచింది. వియ్యపురాలి కొప్పులోంచి పెన్సిలు లాగింది.

డ్యూటీ వరసలో, వంటావిడ కింద, రాసింది: ‘నాన్న – తూకం.’

“ఇంట్లో ఐదు కిలోలు దాటినవి ఏవో నాకు అందాజుగా తెలియదు నాన్నా. నిన్న దుప్పట్లు నానబెట్టిన టబ్బు జరపబోయాను. అన్నీ తూచి రాసి అంటించండి. దాటినవాటి చుట్టూ ఎర్ర సున్నా చుట్టండి.”

“బుడ్డోణ్ణి?”

“వాణ్ణి ఎత్తకూడదని నాకు తెలుసు. తూచక్కర్లేదు.” ఆగింది. “వస్తువులు మాత్రమే. మనుషుల్ని కాదు. సరేనా?”

“సరే.”

ఆ మాట అది రెండుసార్లు అనలేదు. ఒక్కసారే అంది. నేను విన్నాను. వినలేదని తర్వాత ఎవరూ నా తరఫున చెప్పనక్కర్లేదు.

నా ట్రంకుపెట్టెలో స్ప్రింగు కాటా ఉంది. రిటైరైన రోజు గోదాము వాళ్ళు శాలువా కప్పి, కానుకేం కావాలని అడిగితే అదే అడిగాను. తుడిచాను. కొక్కేనికి కాస్త నూనె రాశాను. ఖాళీ కాటా సున్నా దగ్గర ఆగిందో లేదో మూడుసార్లు చూశాను.

ఆ రోజు బడికి సెలవు. పాప చీటీల కట్ట పట్టుకుని నా వెనక తిరిగింది. నేను అంకె చెబితే అది రాసేది. ఎర్ర స్కెచ్ పెన్ను నా జేబులో ఉండేది. సున్నా చుట్టే అధికారం నాది.

“కుక్కరు, నిండుగా. నాలుగున్నర.”

“ఎరుపా తాతయ్యా?”

“కాదు. పాసైంది.”

“బకెట్టు?”

“సగం నీళ్ళతో ఏడూ రెండు వందలు. ఫెయిలు.”

“ఫెయిలూ!” పాప గట్టిగా అరిచేది.

పిండి డబ్బా ఫెయిలు. తడి బట్టల టబ్బు ఫెయిలు. ఇస్త్రీపెట్టె పాసు. పాప బడి సంచీ తూచాను. ఐదూ నాలుగు వందలు. “చూడు, నీ చదువు కూడా మీ అమ్మ ఎత్తకూడదు,” అన్నాను. అది కిందపడి దొర్లి నవ్వింది.

వంటావిడ ఉల్లిపాయలు తరుగుతూ అంది: “తాతగారూ, నన్ను కూడా తూచి ఒక చీటీ అంటించరాదూ. మా ఆయన చూసి భయపడతాడు.”

“వద్దమ్మా. నా కొక్కెం తెగిపోతుంది.”

“ఈయన నోట్లోంచి హాస్యం కూడా వస్తుందే!” వియ్యపురాలు ఆశ్చర్యపోయింది. “అన్నయ్యగారికి డ్యూటీ వెయ్యడం మంచిదైంది.”

గదిలోంచి నా కూతురు అడిగింది: “ఎంతవరకు వచ్చింది నాన్నా?”

“వంటిల్లు అయింది. స్నానాలగది నడుస్తోంది.”

“గుడ్. ట్రిప్పు టైముకే నడుస్తోంది.”

నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాను. నా భార్య పోయినప్పటినుంచి. ఆ నాలుగేళ్ళలో ఆ ఇంట్లోవాళ్ళు నన్ను ఎంతవరకు వచ్చిందని అడిగింది ఆ ఒక్కరోజే. అది రాసి పెట్టుకోండి. నేను పెట్టుకున్నాను.

పదకొండు గంటలకి తూచడానికి ఏమీ మిగల్లేదు.

“నన్ను తూచు తాతయ్యా,” అంది పాప.

ఇక్కడ ఆగి ఉండవలసింది అని అందరూ అంటారు. అనుకోండి. పిల్ల తనే అడిగింది. నేను బలవంతం చెయ్యలేదు.

బరువు చూసుకునే మిషను నా కూతురు మంచం కింద గోడవైపు తిప్పి పెట్టుకుంది. వారానికి ఒక్కసారే ఎక్కమని డాక్టరు చెప్పాడట. వాళ్ళమ్మ బాత్రూములో ఉన్నప్పుడు పాప చీపురుతో దాన్ని బయటికి లాగింది. వంటింటి మధ్యలో పెట్టాం. పాప దాని మీద నిటారుగా నిలబడింది. గెడ్డం పైకెత్తింది. ఫోటోకి నిలబడినట్టు.

ముప్పై ఒకటిన్నర.

“అరబస్తా దాటేశావే!” అన్నాను. “ఇంకో రెండేళ్ళు పోతే నిన్ను మొయ్యడానికి ఇద్దరు హమాలీలు కావాలి.”

వంటావిడ నవ్వింది. వియ్యపురాలు నవ్వింది. “అమ్మ పోలికే,” అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ.

పాప కూడా నవ్వింది. అందరికంటే ఆఖరున మొదలుపెట్టి, అందరికంటే ముందు ఆపేసింది.

నేను చీటీ మీద 31.5 అని రాసి, ఎర్ర సున్నా చుట్టి, దాని గౌను వెనక అంటించాను.

“ఎరుపంటే అమ్మ ఎత్తుకోకూడదు కదా తాతయ్యా?”

“అంతే.”

“ఎప్పటికీనా?”

“నువ్వు తగ్గేదాకా,” అన్నాను.

ఆ మాట అన్నది నేనే.

ఒంటిగంటకు చార్టు ప్రకారం భోజనాలు. వంటావిడ అందరికీ వడ్డించింది. పాప కుర్చీ ఎక్కి కూర్చుని పళ్ళెం దూరంగా నెట్టింది. చేతిలో వాళ్ళమ్మ మందుకప్పు. రెండోది, విడిగా కడిగి బోర్లించి ఉంచినది. దాంట్లో పాలు పోసుకుని ముందు పెట్టుకుంది.

“ఇదేంటే?” అంది వియ్యపురాలు.

“నాకు ఇది చాలు నానమ్మా.”

“ఆటలు తర్వాత. ముందు తిను.”

“ఆట కాదు.” పాప పెదవి తడుపుకుంది. గోడ గడియారం చూసింది. మళ్ళీ పెదవి తడుపుకుంది.

వంటావిడకు నవ్వొచ్చింది. “అచ్చం వాళ్ళమ్మే!”

గంటకోసారి ఇల్లంతా నడవాలి నా కూతురు. అది కూడా చార్టులో ఉంది. అప్పుడే గదిలోంచి గోడ పట్టుకుని వచ్చింది. పాప ముందున్న కప్పు చూసి ఆగిపోయింది.

“ఏంటమ్మా అది?”

“నేను కూడా నీలాగే.”

“ఎందుకు?”

“ఎరుపు పోవాలి.”

“ఏ ఎరుపు?”

పాప వెనక్కి తిరిగి చూపించింది.

నా కూతురు వంగబోయింది. “వంగకు,” అన్నాను. అలవాటు.

“మీరు చెప్పకండి.”

వంగలేదు. మోకాళ్ళ మీద మెల్లగా కూర్చుంది. చీటీ మూలని గోరుతో లేపింది. గుడ్డ చిరగకుండా, పిల్లకి తెలియకుండా, కాస్త కాస్తగా పీకింది. చదివింది. మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. కేకలు వేస్తుందనుకున్నాను. వేస్తే బాగుండేది. కేకలకు జవాబు చెప్పడం నాకు వచ్చు.

“పాపా, తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. వెళ్ళి చూడు.”

పాప వెళ్ళింది. తలుపు దాకానే వెళ్ళింది. తలుపు కింద దాని కాళ్ళు కనిపిస్తున్నాయి.

కుర్చీ పట్టుకుని లేచింది నా కూతురు. ముఖం పాలిపోయింది. కూర్చోమని వియ్యపురాలు కుర్చీ జరిపింది. కూర్చోలేదు.

“మనుషుల్ని కాదని చెప్పాను.”

“అదే అడిగింది.”

“ఏడేళ్ళ పిల్ల అడిగింది.”

“నవ్వులాటకి అన్న మాట. దీనికింత—”

“పాప పేరు ప్యాసింజర్లలో ఎందుకు రాశానో తెలుసా మీకు?”

“చిన్నపిల్ల కాబట్టి.”

“నాకు పదేళ్ళప్పుడు నన్ను డ్యూటీలో వేశారు కాబట్టి.”

వంటావిడ స్టవ్ ఆపేసింది. కుక్కరు చప్పుడు కూడా ఆగిపోయింది.

“అమ్మకి ఆపరేషన్ అయి ఆరో రోజు,” అంది నా కూతురు. “ఇంట్లో సాయానికి ఎవరూ లేరు. పెట్టలేదు మీరు. ఆడవాళ్ళు నాలుగు రోజుల్లో లేచి తిరుగుతారన్నారు. అమ్మ గోడకి ఆనుకుని నిలబడి వండింది. క్యారియరు మొయ్యలేక నా చేతికిచ్చింది. నేను గోదాముకి తెచ్చాను. గుర్తుందా?”

“క్యారియరు చాలా రోజులు తెచ్చావు.”

“మొదటి రోజు. బస్తాలు దించుతున్నారు. మీరు నన్ను పట్టుకుని కాటా బల్ల మీద నిలబెట్టారు. ఎంత?”

నేను చెప్పకూడదనుకున్నాను. నోరు చెప్పేసింది. “నలభై ఒకటి.”

“అది గుర్తుంది.” నా కూతురు తల ఊపింది. “బస్తాకి తొమ్మిది తక్కువ అన్నారు మీరు. కాస్త మేపితే సరిపోతుందన్నారు. హమాలీలు ఎంతమంది నవ్వారు?”

“నేను లెక్కపెట్టలేదు.”

“ఏడుగురు. నేను లెక్కపెట్టాను. నాకు బస్తా అని పేరెవరు పెట్టారు?”

“పెద్ద హమాలీ.”

“పిలిచిందెవరు?”

“ముద్దుకి పిలిచాను.”

“పెళ్ళయ్యేదాకా పిలిచారు. మా ఆయన ముందు కూడా పిలిచారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మీకు కనిపించలేదు.”

వియ్యపురాలు తల దించుకుంది. ఆ సంగతి ఆవిడకు తెలిసినట్టే ఉంది.

“ఆ సాయంత్రం ఆకలి లేదన్నాను అమ్మతో,” అంది నా కూతురు. గొంతు పెంచలేదు. డిపోలో లేటు వచ్చిన డ్రైవరుకు లెక్క చెప్పినట్టే చెప్పింది. “మీరంతా వీధి అరుగు మీద కూర్చున్నాక వంటింట్లో నిలబడి తిన్నాను. చప్పుడు కాకుండా. మూత తీసి, తిని, మూత పెట్టేశాను. ఇరవై ఎనిమిదేళ్ళు అలాగే తిన్నాను నాన్నా. పొట్ట కోయించుకునేదాకా.”

నాకు ఒళ్ళు మండింది. దాచడానికి ఏముంది? మండింది.

“ఓహో! నీ లావుకి కూడా నేనే కారణమా? నేనే నోట్లో కుక్కానా? నీ పొట్ట కోసింది నేనా?”

లోపల బుడ్డోడు గిలక్కాయ నేలకేసి కొడుతున్నాడు.

“లావుకి మీరు కారణం కాదు,” అంది చివరికి. “నా ఒళ్ళు అలాంటిది. డాక్టరు చెప్పాడు. దాచుకుని తినడానికి మాత్రం మీరే.”

గుప్పిట విప్పింది. చీటీ నలిగి ఉంది. ఎర్ర సున్నా చెమటకి కాస్త అలుక్కుపోయింది.

“నాది నాకు వదిలెయ్యండి. నేను చూసుకుంటాను. పాపని పిలుస్తాను. దానితో ఒక్క మాట చెప్పండి. తాతయ్య తప్పు చేశాడు, అలా అనకూడదు అని. ఎవరి ముందు నవ్వారో వాళ్ళ ముందే. అంతకంటే ఏమీ అడగను.”

“నేను కూడా నవ్వాను,” అంది వియ్యపురాలు. “అమ్మ పోలికన్నాను. ఆ మాట ముందు నేను చెప్పాలి.” ఆవిడ తలుపు దగ్గరకు వెళ్ళి పాపను చెయ్యి పట్టుకుని తెచ్చింది. ఎదురుగా కింద కూర్చుంది. “తల్లీ, నానమ్మది తప్పు. నవ్వకూడదు. నువ్వు ఎంత ఉన్నా నా బంగారానివే.”

“నాది కూడా తప్పే పాపా,” అంది వంటావిడ గరిటె పట్టుకునే. “నేనూ పళ్ళికిలించాను. ఏమనుకోకు.”

ఎంతసేపు పట్టింది? టీ వడకట్టినంత సేపు కూడా కాదు. ఆడవాళ్ళకి ఈ మాటలు నాలిక చివరనే ఉంటాయి.

ముగ్గురూ నా వంక చూశారు. పాప నా వంక చూడలేదు. భోజనానికి కూడా వదలని నా స్ప్రింగు కాటా ముల్లు వంక చూస్తోంది.

కాటా మనిషి తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. తూకం తేడా వస్తే మళ్ళీ తూస్తారు. అంతే. తప్పు చేశానని బస్తాకి ఎవరూ చెప్పరు. ముప్పై రెండేళ్ళలో ఆ మాట నేను ఒక్కసారి కూడా వాడలేదు. అది ఎలా పలకాలో ఎవరూ నేర్పలేదు.

నా భార్య ఒకసారి అడిగింది. ఆసుపత్రిలో, ఆఖరి వారంలో. “అమ్మాయికి ఒక్క మాట చెప్పండి,” అంది. ఏ మాట అని నేను అడగలేదు. అడిగితే చెప్పాల్సి వస్తుందని. దుప్పటి సరిచేసి నర్సుని పిలవడానికి వెళ్ళాను. నర్సుతో పనేమీ లేదు.

“నాన్నా.”

“మీ అమ్మ ఇలా నన్ను ఎప్పుడూ నలుగురిలో నిలబెట్టలేదు.”

“లేదు. అమ్మ ఒంటరిగా అడిగింది. మీరు లేచి వెళ్ళిపోయారు. తలుపు దగ్గర నేను ఉన్నాను.”

ఇది నాకు తెలియదు.

నా కూతురు కుర్చీలో కూర్చుంది. ఇక నిలబడలేకపోయినట్టుంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. వియ్యపురాలు కప్పులో నీళ్ళు పోసి ఇచ్చింది. అది తాగలేదు.

“రేపు ఎనిమిదికి పాప బడి బస్సు ఎక్కుతుంది,” అంది. “అది ఎక్కేలోపు చెప్పండి. చెప్పలేకపోతే, ఈ ఆరు వారాలూ మా తమ్ముడింట్లో ఉండండి. అక్కడ మీకు ఎవరు ఏం చెయ్యాలో నేనే చార్టు రాసిస్తాను. నేను లేవలేని రోజుల్లో నా పిల్ల ఎవరి చేతుల్లో ఉంటుందో నాకు తెలిసి ఉండాలి. ఈ చార్టు వేసిందే అందుకు.”

“నన్ను గెంటేస్తున్నావు.”

“ఒక్క మాట అడుగుతున్నాను.”

“గెంటేస్తున్నావు.”

“సరే. అలాగే అనుకోండి.”

నేను కాటా పట్టుకుని నా గదికి బయల్దేరాను. ఫ్రిజ్ పక్క నుంచే వెళ్ళాలి. డ్యూటీ వరసలో నా పేరు అలాగే ఉంది. కొట్టెయ్యలేదు. ‘తూకం’ పక్కన గడి ఖాళీగా ఉంది. వియ్యపురాలు నా టీకి పొద్దున్న పెట్టిన టిక్కు మాత్రం ఉంది, ప్యాసింజర్ల పక్క.

ట్రంకుపెట్టె మూత ఎత్తాను. కాటాని పాత శాలువాలో చుట్టి అడుగున పెట్టాను. దాని మీద బట్టలు పెట్టాను.

గుమ్మం దగ్గర చప్పుడైంది. పాప. చేతిలో ఇంకా ఆ కప్పే. పాలు అడుగంటాయి. ఎప్పుడు తీసిందో, మంచం కింది మిషను కూడా రెండో చేత్తో ఈడ్చుకుంటూ వచ్చింది. గడప దగ్గర దాన్ని నేల మీద పెట్టి నా వంక చూసింది.

“తాతయ్యా, మధ్యాహ్నం నేనేం తినలేదు. ఇప్పుడు తగ్గానా? చూస్తావా?”

ఆ మాట నా నాలిక మీదకు వచ్చింది. వచ్చిందని ఒప్పుకుంటున్నాను. పళ్ళ దాకా వచ్చింది.

నేను పెట్టె మూత వేశాను. గడియ పెట్టాను. గోడవైపు తిరిగి పడుకున్నాను.

పాప చాలాసేపు అక్కడే ఉంది. మిషను మీద ఎక్కిన చప్పుడైంది. దిగిన చప్పుడైంది. మళ్ళీ ఎక్కిన చప్పుడైంది.

రేపు ఎనిమిదికి బస్సు వస్తుంది. రానివ్వండి. గోదాములో జరిగిందీ, వంటింట్లో జరిగిందీ, రెండూ ఇక్కడితో సరి. నేను ఇక ఎప్పుడూ వాటి గురించి నోరెత్తను. ఎవరు అడిగినా సరే. పాప అడిగినా సరే.